రుగోసా గులాబి

రుగోసా గులాబి (రోజా రుగోసా) జపాన్, కొరియా, ఈశాన్య చైనా, సఖాలిన్, కంచట్కా సముద్రతీరాల ఇసుక దిబ్బలపై సహజంగా పెరిగే ముళ్ల పొద. లాటిను భాషలో రుగోసా అంటే ముడతలు పడినది. ఈనెలు లోతుగా దిగి ఆకు ముడతలు పడినట్లు కనిపించడం వల్ల ఈ పేరు వచ్చింది. జపానీయులు దీనిని హమనసు అంటారు. చైనాలో శతాబ్దాలుగా పూల పరిమళం కోసం దీనిని పెంచారు.

నాగసాకిలోని డచ్చి వర్తక స్థావరంలో వైద్యుడిగా పనిచేసిన స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు థన్‌బర్గ్ 1784లో దీనిని శాస్త్రీయంగా వర్ణించగా, 1796లో ఇది ఇంగ్లండు చేరింది. సంకర రకాలకు ఆదరణ పందొమ్మిదో శతాబ్దం చివర గాని రాలేదు. ఫ్రాన్సులో 1892లో తెల్లని 'బ్లాంక్ డబుల్ ద కుబేర్', 1901లో ఊదా ఎరుపు 'రోజరే ద లే' వెలువడ్డాయి.

అసలు కృషి కెనడాలో జరిగింది. ఒట్టావాలోని కేంద్ర ప్రయోగ క్షేత్రానికి తొలి సంచాలకుడైన విలియం సాండర్స్ రుగోసాను పర్షియా పసుపు గులాబితో సంకరపరచి సాధించిన 'ఆగ్నెస్' ఆయన మరణానంతరం 1922లో విడుదలైంది. ఆల్బర్టాలో స్థిరపడిన ఫ్రెంచి రచయిత జార్జ్ బ్యూన్యే 'తెరేజ్ బ్యూన్యే'ను 1950లో అందించాడు. ఒట్టావాలోనే ఫెలిసిటాస్ స్వెయ్డా, శీతకాలంలో కప్పి కాపాడనక్కరలేని పొదలే లక్ష్యంగా ఓర్పుతో సాగించిన ప్రయోగాల నుంచి 'మార్టిన్ ఫ్రోబిషర్' (1968), 'యెన్స్ మంక్' (1974), 'హెన్రీ హడ్సన్' (1976) వచ్చాయి. అన్వేషకుల పేర్లు పెట్టిన ఈ వరుసకు ఎక్స్‌ప్లోరర్ గులాబీలని పేరు. జర్మనీలో కోర్డెస్, దాదాపు వంధ్యమైన 'మాక్స్ గ్రాఫ్' అనే రుగోసా సంకరం నుంచి క్రోమోజోములు 14 నుంచి 28కి రెట్టింపైన మొలకను పొందగా, అది తరువాతి ఎక్స్‌ప్లోరర్ రకాలలో కొన్నిటికి మూలమైంది.

పెంపకంలో ఈ పొద కోరేది తక్కువ. ఎండ, నీరు నిలవని తేలిక నేల చాలు. ఉప్పుగాలిని తట్టుకుంటుంది గాని, సున్నం ఎక్కువైన నేలలో ఆకులు పసుపుబారుతాయి. నల్లమచ్చ తెగులు అరుదు. పైగా తెగుళ్ల మందులు చల్లితే ముడతల ఆకులు మాడి రాలవచ్చు గనుక చల్లకపోవడమే మేలు. అంటు మొక్క కన్నా సొంత వేరుపై పెరిగినది మంచిది. చలికి పైభాగం చచ్చినా వేరు నుంచి అదే రకం తిరిగి చిగురిస్తుంది. చలికాలం చివర ముదురు కొమ్మలను మొదలంటా కోసివేస్తే కొత్తవి వస్తాయి. వాడిన పూలను తుంచకుండా వదిలితే టమాటాల వంటి ఎర్రని కాయలు కాస్తాయి. వీటిలో సి విటమిను అధికం.

వేళ్ల నుంచి దూరంగా లేచే పిలకలు కంచెను దట్టం చేస్తాయి. డెన్మార్క్, జర్మనీ, బ్రిటన్ తీరాలలోని ఇసుక దిబ్బలపై ఆ పిలకలే స్థానిక మొక్కలను కప్పివేస్తున్నందున, అక్కడ ఈ పొదను తొలగించే పని సాగుతోంది.