సెట్టయినవీ, సెట్ కానివీ: అబిడ్స్, నాంపల్లి వ్యవహారంలో ఒక ఇంగ్లీషు మాట

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు 1989 నాటి రెండో కూర్పులో అన్నిటికన్నా పొడవైన ఆరోపం (ఎంట్రీ) 'సెట్' క్రియది. 430 అర్థాలు, వాటి వివరణకు దాదాపు 60,000 మాటలు. తర్వాత జరిగిన సవరణల్లో 'రన్' క్రియ 645 అర్థాలతో దాన్ని దాటేసింది. ఇంగ్లీషువాళ్ల లెక్క అది. తెలుగువాడు ఆ గుట్టలోంచి ఏవి ఏరుకున్నాడు, ఏవి ముట్టుకోలేదు, లేనివాటిని ఎక్కడ కల్పించుకున్నాడు అన్నది ఈ వ్యాసం విషయం.

పరిశీలనకు హైదరాబాదులోని అబిడ్స్, నాంపల్లి ప్రాంతాన్ని ఎంచుకోవడానికి కారణముంది. నడిచి వెళ్లేంత దూరంలోనే క్రిమినల్ కోర్టులు, ఇంటర్మీడియట్ బోర్డు, పబ్లిక్ సర్వీస్ కమిషన్, ఎగ్జిబిషన్ మైదానం, సెల్‌ఫోన్ల జగదీశ్ మార్కెట్, ఆదివారం పాత పుస్తకాలు పరిచే ఫుట్‌పాత్‌లు ఉన్నాయి. కొనేవాడు తెలుగు, అమ్మేవాడు దక్కనీ ఉర్దూ, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న సేఠ్ మార్వాడీ అయినా బేరం ఆగదు. అసలు అబిడ్స్ అన్న పేరే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మీనియన్ దుకాణం నుంచి వచ్చింది. పరాయి మాట ఇక్కడ ఇంటిమాట కావడం కొత్తేమీ కాదు.

ముందు నామవాచకం. తెలుగు విజ్ఞాన సర్వస్వం సంపుటాలు ఆదివారం ఫుట్‌పాత్ మీద కనిపిస్తే పాఠకుడు మొదట అడిగేది ధర కాదు, "సెట్ పూర్తిగా ఉందా?" అని. ఒక సంపుటం తక్కువైతే మిగిలినవి ఎంత బాగున్నా అవి 'విడి పుస్తకాలు'. సెట్‌కు వ్యతిరేకపదం ఏమిటో నిఘంటువు చెప్పదు, బజారు చెబుతుంది: 'విడి'. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై 1946లో ఇప్పటి ఎగ్జిబిషన్ మైదానానికి మారిన నుమాయిష్‌లో పింగాణీ సామాను దుకాణం ముందు నిలబడితే ఈ జంట మళ్లీ వినిపిస్తుంది. "రెండు కప్పులు విడిగా ఇస్తారా?" "లేదమ్మా, సెట్ విడదీయం."

ఇక్కడ తెలుగు ఒక సరిహద్దు గీసింది. ఒకే రకం వస్తువులు రెండుంటే 'జత'. చెప్పుల జత, కమ్మల జత. చెప్పుల సెట్ అని ఎవరూ అనరు. అవే కమ్మలు హారంతో కలిసి ఒక పెట్టెలో చేరగానే మొత్తం సెట్ అవుతుంది. ప్యాంటూ చొక్కా రెండే అయినా అది సెట్టే, ఎందుకంటే అవి వేరువేరు వస్తువులు. ఇంగ్లీషు ఇంత పట్టింపు చూపదు. పాతమాట 'జత' తన స్థలం వదలకపోవడం వల్ల కొత్తమాట మిగిలిన చోట సర్దుకుంది.

జగదీశ్ మార్కెట్‌లో మాత్రం సెట్ అంటే ఒక్క వస్తువు. రేడియో సెట్, టీవీ సెట్ వరసలో ఫోన్ కూడా సెట్ అయింది. పోలీసుల వైర్‌లెస్ పరికరం కూడా అంతే. అధికారులు దాని మీద మాట్లాడితే 'సెట్ కాన్ఫరెన్స్', పత్రికల్లోనూ ఆ మాటే అచ్చవుతుంది. విడిభాగాల కూర్పు అన్న మూలార్థం అరిగిపోయి యంత్రమే సెట్ అయింది. అరిగిన అర్థం అవసరమైతే మళ్లీ మొలుస్తుంది. చార్జరూ డబ్బా బిల్లూ ఉంటే 'ఫుల్ సెట్', ఏమీ లేకుంటే 'ఒట్టి సెట్'.

పరీక్షల సంగతి మరీ చిక్కు. ప్రశ్నపత్రం తయారుచేయడం 'పేపర్ సెట్ చేయడం', చేసినవారు 'పేపర్ సెట్టర్'. హాల్లోంచి బయటికొచ్చిన పిల్లలు "నీకే సెట్ వచ్చింది?" అని అడుగుతారు. బి సెట్, సి సెట్ అని జవాబు. ఇవన్నీ ఒక మాటే. 1986లో వచ్చిన ఎంసెట్ చివరి 'సెట్' వేరు, అది ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాల కూర్పు. ఇంగ్లీషులో వర్ణక్రమం వాటిని విడదీస్తుంది. తెలుగు లిపిలో రెండూ ఒకటే. ఐసెట్, ఈసెట్, ఎడ్‌సెట్, లాసెట్ వరసగా చేరేసరికి ఆ తోక స్వతంత్రమైంది. 'సెట్ల షెడ్యూలు విడుదల' అన్న శీర్షికలో సెట్లు అంటే ప్రవేశ పరీక్షలని పదో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు. ఇంగ్లీషు నిఘంటువు ఎన్ని అర్థాలిచ్చినా ఇది అందులో దొరకదు, మన లిపి ఇచ్చిన అర్థం.

సినిమావాళ్ల సెట్ గురించి ఒక్క మాట చాలు: 'సెట్స్ మీదికి వెళ్లింది' అంటే చిత్రీకరణ మొదలైందని, అడవిలో తీసినా సరే.

నాంపల్లి కోర్టుల్లో రెండు ప్రయోగాలున్నాయి. విచారణ ఖైదీగా జైల్లో గడిపిన రోజులను పడిన శిక్షలోంచి తీసేయడం 'సెట్ ఆఫ్'. 1973 నేర ప్రక్రియా స్మృతిలో 428వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమలైన కొత్త సంహితలో 468వది. కింది కోర్టు ఉత్తర్వును పైకోర్టు తొలగిస్తే 'సెట్ అసైడ్'. వకీళ్లు దీన్ని తెలుగు చేసుకోకపోవడానికి బద్ధకం ఒక్కటే కారణం కాదు. పత్రికల తెలుగులో పిటిషన్‌ను 'కొట్టివేశారు', తీర్పును కూడా 'కొట్టివేశారు'. మొదటిదాంట్లో అడిగినవాడు ఓడాడు, రెండోదాంట్లో గెలిచాడు. ఒకే క్రియ ఇద్దరికీ సరిపోదు. కక్షిదారు ఇంటికి ఏం కబురు చెప్పాలో తెలియాలంటే సెట్ అసైడే నయం.

ఇక క్రియ. అసలు విషయం ఇక్కడుంది. ఇంగ్లీషు సెట్‌లో బలమైన అర్థాలు కొన్ని తెలుగులోకి రానేలేదు. నిప్పు పెడతాం, ముహూర్తం పెడతాం, పందెం పెడతాం. 'పెట్టు' క్రియ ఆ పనులన్నీ చేస్తూ కూర్చుంది కాబట్టి సెట్‌కు అక్కడ కుర్చీ దొరకలేదు. సూర్యుడి జోలికి అది పోలేదు, 'అస్తమించు', 'కుంకు', 'పొద్దుగూకు' ఉండగా పోనవసరమూ లేదు. మరి ఏ అర్థంలో స్థిరపడింది? "సంబంధం సెట్టయింది", "బేరం సెట్టయింది", "ఆ ఉద్యోగం వాడికి సెట్ కాలేదు", "ఈ రంగు నీకు సెట్ కాదు". ప్రతిచోటా 'కుదురు' క్రియను పెట్టి చూడండి. సంబంధం కుదిరింది, బేరం కుదిరింది. చివరి రెండింట్లో కుదరలేదు, కుదరదు. ఇంగ్లీషులో రంగు మనిషికి 'సెట్' కాదు, దానికి వేరే క్రియలున్నాయి. కాబట్టి 'నప్పడం', 'కుదరడం' అన్న అర్థం దిగుమతి సరుకు కాదు. శబ్దం ఇంగ్లీషుది, అర్థం కుదురుది. కుండ ఒరగకుండా కింద పెట్టే చుట్టను కుదురు అంటామని గుర్తుచేసుకుంటే, సెట్ ఎక్కి కూర్చున్న పీఠం ఎంత పాతదో తెలుస్తుంది.

అలాగైతే కుదురు ఉండగా సెట్ ఎందుకు? నా అభిప్రాయంలో రెండు కారణాలు. ఒకటి ఈ బజారు. కుదురు తెలుగు దాటి పోదు. 'సెట్ హోగయా' అని దుకాణదారు అంటే 'సెట్టయింది' అని కొనేవాడు అంటాడు, మధ్యలో అనువాదం లేదు. రెండోది కర్త. సంబంధం కుదిరిందంటే కాలం కలిసొచ్చింది. కుదిర్చాడంటే పెద్దమనిషి పూనుకున్నాడు. సెట్ చేశాడంటే ఏదో నేర్పు, కొండొకచో తెరవెనక మతలబు కూడా. 'లోపల సెట్టింగ్ ఉంది' అన్న మాటలో ఆ మతలబే పైకి తేలింది. దీని పక్కనే 'సెటిల్' ఉంది. మనిషి జీవితంలో స్థిరపడితే సెటిల్ అయ్యాడంటారు, ఒక పని కుదిరితే సెట్టయిందంటారు. కుర్రకారు 'లైఫ్ సెట్' అంటూ ఆ గట్టును కూడా తెంపేస్తున్నారు.

రూపం గురించి చిన్న ముచ్చట. బస్సు, కప్పు, పెన్ను వరసలో ఇది 'సెట్టు' కావాలి, పాతతరం నోట అయింది కూడా. తెలంగాణ పల్లెల్లో చెట్టును సెట్టు అనేవాళ్లున్నారు కాబట్టి అజంత రూపం వాళ్ల దగ్గర రెండు అర్థాలు మోయాలి. పట్నంలో హలంతంగా 'సెట్' నిలబడింది, అయినా 'అయింది' తగలగానే సంధిలో టకారం ద్విత్వమై 'సెట్టయింది' అవుతుంది. ఇంగ్లీషు చదువులేని హమాలీ కూడా ఈ సంధి తప్పకుండా చేస్తాడు.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం 1962లో వచ్చింది, అది రైతుల మాటలది. చేనేత సంపుటమూ వచ్చింది. నగరంలో ఫోన్లమ్మేవాళ్లు, పాత పుస్తకాలవాళ్లు, కోర్టు గుమాస్తాలు వాడే మాటలకూ అలాంటి పదకోశం కావాలి. దాన్ని చేపట్టే సంపాదకులు సెట్ ఆరోపాన్ని ఇంగ్లీషు నిఘంటువు చూసి రాయకుండా, కుదురు, జత, విడి, పెట్టు మాటల పక్కన పెట్టి రాయాలని మనవి.