విదేశీ విద్యాయాత్రలు: వికారాబాద్ – తాండూరు రైలుమార్గం నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
హైదరాబాదు సంస్థానం నుంచి ఉన్నత విద్యకోసం విదేశాలకు వెళ్లినవారి చరిత్రను సాధారణంగా లండన్, కేంబ్రిడ్జి వంటి గమ్యస్థానాల నుంచి రాస్తుంటారు. ఈ వ్యాసం ఆ చరిత్రను వికారాబాద్, తాండూరుల మీదుగా సాగే రైలుమార్గం నుంచి చూస్తుంది. చదువు ఖర్చు ఎవరు భరించారు? ఏ భాషలో చదివినవారు వెళ్లారు? ఆ అనుభవం ఏ రూపంలో మిగిలింది? ఈ మూడు ప్రశ్నలతో కొందరి విద్యాయాత్రలను పరిశీలించి, స్థానిక విద్యార్థుల లేఖలను, జ్ఞాపకాలను భద్రపరచవలసిన అవసరాన్ని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: విదేశీ విద్య, రైలుమార్గం, ఉపకారవేతనం, బోధనాభాష, లేఖలు, స్థానిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం:
సికింద్రాబాదును వాడితో కలిపే రైలుమార్గం 1874లో ప్రారంభమైంది. వాడి వద్ద అది బొంబాయి – మద్రాసు ప్రధాన మార్గంలో కలిసింది. బొంబాయి రేవులో ఓడ ఎక్కవలసిన హైదరాబాదు విద్యార్థికి ఇదే సహజమైన దారి. మూసీ పుట్టిన అనంతగిరి కొండల చెంత వికారాబాద్, ఆ తరువాత నాపరాళ్లకు పేరుపొందిన తాండూరు దాటితేనే వాడి వస్తుంది. ఆ విధంగా ఈ రెండు ఊళ్లు ఎందరి విదేశయాత్రకో తొలి మజిలీలు. అయితే మజిలీగా ఉండడం వేరు, ఆ ప్రయాణంలో భాగస్వామి కావడం వేరు. ఈ వ్యాసానికి మూలం ఈ తేడాయే.

2. చదువు – రాజ్యం:
అఘోరనాథ ఛటోపాధ్యాయ ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో విజ్ఞానశాస్త్రంలో డాక్టరేటు పొంది, 1878లో హైదరాబాదుకు వచ్చి ఆధునిక విద్యావ్యాప్తికి కృషి చేశారు. 1883లో ఇక్కడి రైలుమార్గాన్ని చాందా వైపు విస్తరించే పథకం వచ్చింది. ఆంగ్లేయ కంపెనీ పెట్టుబడికి నిజాం ప్రభుత్వం హామీ ఇవ్వడం సంస్థాన ఖజానాకు భారమన్న విమర్శ బయలుదేరింది. ఆ ఆందోళనతో సంబంధం ఉన్న అఘోరనాథుడిని సంస్థానం నుంచి బహిష్కరించారు. తరువాత తిరిగి రానిచ్చారు. విదేశీ విద్య ఆయనకు ఉద్యోగాన్ని మాత్రమే ఇవ్వలేదు. రాజ్యం చేసే ఖర్చును ప్రశ్నించే స్థైర్యంలోనూ దాని పాత్ర ఉందని భావించవచ్చు.

ఆయన కుమార్తె సరోజిని 1895లో, పదహారేళ్ల వయసులో, నిజాం ఉపకారవేతనంతో ఇంగ్లండు వెళ్లారు. లండన్‌లోని కింగ్స్ కళాశాలలో, కేంబ్రిడ్జిలోని గిర్టన్ కళాశాలలో చదివి, పట్టా తీసుకోకుండానే 1898లో తిరిగి వచ్చారు. ఆ కాలంలో ఇటలీలోనూ పర్యటించారు. 1905లో వెలువడిన ఆమె తొలి కవితాసంపుటికి ఆర్థర్ సైమన్స్ రాసిన పీఠికలో ఆమె లేఖల భాగాలు చేరాయి. ఆ విద్యార్థిని మనసును ఈనాడు మనం కొంతైనా తెలుసుకోగలుగుతున్నామంటే ఆ లేఖలు మిగలడమే కారణం. చదువుకు పట్టా సాక్ష్యం కావచ్చు. విద్యార్థి జీవితానికి మాత్రం లేఖే సాక్ష్యం.

3. బోధనాభాష:
1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనాభాషగా స్వీకరించింది. అక్కడ గణితం చదివిన రజీయుద్దీన్ సిద్దీఖీ కేంబ్రిడ్జికి, అనంతరం జర్మనీలోని లైప్‌జిగ్‌కు వెళ్లి హైజెన్‌బర్గ్ వద్ద పరిశోధన చేశారు. క్వాంటం సిద్ధాంతం రూపుదిద్దుకుంటున్న సంవత్సరాలవి. తిరిగి వచ్చి ఉస్మానియాలో బోధించారు. ఆధునిక భౌతికశాస్త్రాన్ని ఉర్దూలోనూ రాశారు. దేశభాషలో చదివినవారు విజ్ఞానశాస్త్రపు అంచుల దాకా చేరలేరన్న అపోహకు ఆయన జీవితం సమాధానం.

ఇదే ఉదాహరణకు మరో పార్శ్వం ఉంది. ఆ దేశభాష ఇంట్లో తెలుగు మాట్లాడే విద్యార్థికి మాతృభాష కాదు. తెలుగు, ఉర్దూ, కన్నడం కలిసి వినిపించే తాండూరు ప్రాంతపు బాలుడు ఓడ ఎక్కకముందే ఒక భాషాసముద్రాన్ని దాటవలసి వచ్చేది. కనుక సిద్దీఖీ సాధించిన విజయాన్ని గౌరవిస్తూనే, ఆ బాటలో నడిచే అవకాశం ఎందరికి దక్కిందని అడగడం సమంజసం.

4. రాజాశ్రయం లేని ప్రయాణం:
పోలికకోసం సంస్థానం వెలుపలి ఉదాహరణ ఒకటి చూద్దాం. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మామగారి సాయంతోను, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సహాయంతోను 1923లో బోస్టన్ చేరారు. ఉపకారవేతనం లేక ఆసుపత్రిలో రాత్రిపూట సేవకుడిగా పనిచేస్తూ హార్వర్డులో చదివారు. 1925లో ఫిస్కేతో కలిసి, రంగు గాఢతను బట్టి ఫాస్ఫరస్ పరిమాణాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. 1930లో డాక్టరేటు పొందారు. స్వదేశానికి తిరిగి రాలేదు. 1948లో అమెరికాలోనే మరణించారు. సరోజినిని పంపింది రాజ్యం, సుబ్బారావును పంపింది కుటుంబం, ధర్మసంస్థ. పంపినవారు మారితే విద్యార్థి దినచర్య కూడా మారుతుంది. ఒకరికి ఇటలీ పర్యటన, మరొకరికి రాత్రి కొలువు.

5. నేటి స్థితి:
ఇప్పుడు ఈ రైలుమార్గపు ఊళ్ల పిల్లలు మజిలీలో నిలబడి చూసేవారు మాత్రమే కారు, స్వయంగా ప్రయాణికులు. కంప్యూటర్ సైన్స్, డేటా సైన్స్ చదువులకోసం వారు శంషాబాదులో విమానం ఎక్కుతున్నారు. పంపేది రాజు కాదు, బ్యాంకు రుణం. హామీ తండ్రి పొలం లేదా ఇల్లు. 1883లో రైలు పెట్టుబడికి ఎవరు హామీ ఉండాలన్నది సంస్థానపు చర్చ. నేడు చదువు పెట్టుబడికి ఎవరు హామీ ఉండాలన్నది ఇంటింటి చర్చ.

వారి అనుభవాలు మాత్రం లేఖలుగా మిగలడం లేదు. వాట్సాప్ సందేశాలుగా, వీడియో కాల్స్‌గా వచ్చి, ఫోన్ మారగానే మాయమవుతున్నాయి. నూట ముప్పై ఏళ్ల నాటి విద్యార్థిని ఉత్తరాలు దొరుకుతున్నాయి. పదేళ్ల కిందట తాండూరు నుంచి వెళ్లిన విద్యార్థి తొలి చలికాలం ఎలా గడిపాడో రేపటి పరిశోధకుడికి దొరకకపోవచ్చు.

6. ముగింపు:
పై పరిశీలనలో విదేశీ విద్య చరిత్ర ప్రధానంగా లేఖలు, గ్రంథాలు మిగిల్చినవారి చరిత్రగానే కనిపిస్తోంది. ఈ లోటును పూరించే పనిని స్థానిక డిగ్రీ కళాశాలల తెలుగు, చరిత్ర శాఖలు చేపట్టవచ్చు. ఫోన్లకు ముందుతరం వారు రాసిన ఉత్తరాలను కుటుంబాల అనుమతితో సేకరించాలి. ఇటీవల వెళ్లినవారి జ్ఞాపకాలను వారి ఇంటిభాషలోనే నమోదు చేయాలి. వారితోపాటు హామీ సంతకం పెట్టిన తల్లిదండ్రుల మాటలూ అందులో చేరాలి. ఖర్చు, భాష, సాక్ష్యం అనే మూడు ప్రశ్నలే ఆ సేకరణకు ప్రశ్నావళి కాగలవు. అప్పుడే వికారాబాద్, తాండూరులు విదేశీ విద్యాచరిత్రలో కేవలం దాటిపోయే స్టేషన్లుగా కాక, ప్రయాణం మొదలైన ఊళ్లుగా నమోదవుతాయి.