ముద్ర నుండి మోటారు తాళపుచెవి వరకు

మన బీదరులో 1472లో మదరసాను నిర్మించిన బహమనీ ప్రధాని మహమూద్ గవాన్ ప్రాణం తీసినది ఖడ్గమే అయినా, ఆ ఖడ్గానికి దారి చూపినది ఒక ముద్ర. ప్రత్యర్థులు ఆయన ముద్రను భద్రపరచే సేవకుని లోబరచుకొని ఖాళీ కాగితంపై ముద్ర వేయించుకొన్నారనీ, దానిపై ఒడిశా రాజుకు ఆయన రాసినట్లు ద్రోహలేఖను కల్పించారనీ చరిత్రకారుడు ఫెరిస్తా రాశాడు. ముద్ర నిజం, లేఖ అబద్ధం. 1481 ఏప్రిల్ 5న కొండపల్లి శిబిరంలో మూడవ మహమ్మద్ షా ఆజ్ఞపై ఆ వృద్ధుని శిరచ్ఛేదం జరిగింది. ముద్రను చూసిన సుల్తాను, దానిని వేసిన చెయ్యి ఎవరిదని విచారించలేదు.

మోటారు వాహనాల తాళాల చరిత్ర చదివినప్పుడల్లా నాకు ఈ ఉదంతమే స్ఫురిస్తుంది. తాళం కూడా చెవిని గుర్తిస్తుందే కాని, దానిని పట్టుకొన్న మనిషిని గుర్తించదు.

1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన తొలి మోటారు బండికి తాళపుచెవే లేదు. తరువాతి కార్లలో చెవి వచ్చినా, అది ఇంజనుకు విద్యుత్తును కలిపే మీట వంటిదే. ముందు హ్యాండిల్ తిప్పి బండిని కదిలించేవారు. 1912లో కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు కాడిలాక్ కారులో వచ్చిన పిదప ఆ శ్రమ తగ్గింది. చెవిని తిప్పితేనే ఇంజను లేచే పద్ధతిని 1949లో క్రైస్లర్ సంస్థ తెచ్చింది. అయితే మీట వెనుకనున్న రెండు తీగలను కలపడం తెలిసిన దొంగకు ఆ చెవితో పనే లేదు.

డీజిల్ బండ్ల సంగతి మరీ విచిత్రం. డీజిల్ ఇంజనుకు నిప్పురవ్వ అక్కరలేదు; గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం మండుతుంది. కనుక పాత జీపులను, లారీలను నలుగురు తోస్తే చాలు, చెవి లేకున్నా లేచేవి. హుమ్నాబాదు మీదుగా సోలాపూరు పోయే రహదారిపై లారీ ఆగితే క్లీనరు క్యాబిన్‌లోనే పడుకోవడం ఊరికే కాదు. ఆ బండికి అసలైన తాళం అతడే! ఆ కుర్రవాని నిద్రకు ఎవరూ వెల కట్టలేదు.

దొంగకు నిజంగా అడ్డు తగిలినది స్టీరింగు తాళం. ఇంజను లేచినా చక్రం తిరగకపోతే బండిని ఎక్కడికి తీసుకుపోగలడు? 1960ల ఆరంభంలో పశ్చిమ జర్మనీ ఈ తాళాన్ని కొత్త కార్లకే కాక పాత కార్లకు సైతం తప్పనిసరి చేసింది. దొంగతనాలు గణనీయంగా తగ్గాయి. బ్రిటన్‌లో 1971 నుండి కొత్త కార్లకు మాత్రమే అమర్చారు. అక్కడి దొంగలు కొత్త వాటిని వదలి పాత కార్లపై పడ్డారు. కొత్త కారు కొనలేనివాడే నష్టపోయాడన్న మాట. రక్షణను కొందరికే ఇస్తే ముప్పు తక్కినవారి వాకిటికి చేరుతుందనడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు.

మన దేశంలో 1983 డిసెంబరు 14న ప్రధాని ఇందిరా గాంధీ తొలి మారుతి కారు తాళపుచెవిని కొనుగోలుదారునికి స్వయంగా అందించారు. ఆ చెవి సామాన్య లోహపు ముక్క. దాని నకలును వీధి మలుపున ఆకురాయి పట్టుకొని కూర్చొన్న తాళాల పనివాడు చేసి ఇవ్వగలడు.

నకలు చేయరాని చెవి కోసం అన్వేషణ అప్పటికే సాగుతున్నది. 1986 నమూనా కార్వెట్ కారు చెవిలో విద్యుత్తును నిరోధించే చిన్న గుళికను పొదిగారు. దాని విలువలు పదిహేను రకాలే కావడంతో, ఓపిక గల దొంగ ఒక్కొక్కటే ప్రయత్నించి చూడగలిగేవాడు. 1990లలో ట్రాన్స్‌పాండర్ చెవి వచ్చింది. కారు రేడియో తరంగంతో ప్రశ్న వేస్తుంది. చెవిలోని చిప్పు రహస్య సంఖ్య ఆధారంగా జవాబు చెబుతుంది. జవాబు సరిపోకపోతే ఇంధనం అందదు. ఇదే ఇమ్మొబిలైజర్, 1998 నుండి ఐరోపా సమాజ దేశాలు కొత్త కార్లకు దీనిని తప్పనిసరి చేశాయి.

ఇక్కడ ఒక మాట. మన ఇరుగుపొరుగు కన్నడిగులు దీనిని 'బీగద కై' అంటారు, అనగా తాళపు చెయ్యి. మనం చెవి అంటాం. ఎన్నో ఏండ్లు చెయ్యిలా తిరిగిన సాధనం ఇప్పుడు నిజంగానే చెవిలా వింటున్నది! రెండు భాషల బడిపిల్లలూ ఈ విషయంలో వాదులాడుకోనక్కరలేదు.

అయినను రహస్యం నిలవలేదు. 2005లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు విస్తారంగా వాడుకలో ఉన్న ఒక చిప్పు రహస్య సంఖ్యను ఛేదించి చూపారు. 2011లో జ్యూరిక్ పరిశోధకులు చేసినది అంతకన్న సులువైన ఉపాయం. జేబులో ఉంటే చాలు, తలుపు తెరుచుకొనే కార్లను పదింటిని పరీక్షించారు. ఒక పరికరం కారు వద్ద, మరొకటి యజమాని సమీపాన ఉంచి, ఇంటిలోని చెవి పలుకును కారుకు చేరవేశారు. చెవి ఇంటిలోనే ఉంది, జవాబు నిజమైనదే, కారు నమ్మి తెరుచుకొంది. కొండపల్లిలో జరిగినది సరిగా ఇదే కదా!

అటువంటి కారు గల తల్లిదండ్రులు, పూర్వ విద్యార్థులు రాత్రివేళ తాళపుచెవిని లోహపు డబ్బాలో ఉంచడం మేలు. రేడియో తరంగాలను లోహం అడ్డుకొంటుంది. జస్తానికి కొద్దిగా రాగి కలిపి చేసే మన బీదరీ పాన్‌దాను కూడా పనికివస్తుంది, మూత బిగుతుగా ఉంటే. చెవిని అందులో వేసి, డబ్బాతో కారు దగ్గరకు వెళ్లి తలుపు లాగి చూడండి. తెరుచుకొంటే మరొక డబ్బా వెతకవలసిందే.