ఇసుక నుండి తాటాకుకు: తెలుగు అక్షర లేఖన క్రమం

గద్వాల, వనపర్తి సంస్థానాల సాహిత్య చరిత్ర ఆస్థాన కవులను పట్టించుకొన్నంతగా, కావ్యాలను తాటాకులకెక్కించిన లేఖకులను పట్టించుకోలేదు. వారి తొలి శిక్షణ వీధిబడి ఇసుకలో జరిగేది. తుంగభద్రకు ఆవల, బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823 నివేదికలో ఆ పద్ధతి కనిపిస్తుంది. బాలుడు ముందు ఇసుకలో వేలితో రాసేవాడు. చేయి కుదిరిన తరువాతనే గంటం పట్టేవాడు. ఆ జిల్లాలోని 533 విద్యాలయాలలో 226 తెలుగువి. పాలమూరు సీమకు ఇది పరోక్ష సాక్ష్యమే.

చైనా లిపిలో గీతల వరుసకు లిఖిత నియమాలున్నాయి. తెలుగులో అది ప్రధానంగా గురువు చేతిలోనే నిలిచింది. అచ్చు వాచకం పూర్తయిన రూపాన్నే చూపుతుంది. తలకట్టు ముందా, వెనుకా అన్నది దిద్దించిన వేలికే తెలుసు. ‘దిద్దు’ ధాతువుకు రాసినదానిపై రాయడం, సవరించడం రెండూ అర్థాలే. ఇసుకలో చెరపవచ్చు, ఆకుపై గాటు చెరగదు. గాట్లు ఒకదానినొకటి ఖండించిన చోట ఏ గీత ముందో తెలిసే అవకాశముంది. నాగర్‌కర్నూలు ప్రాంతపు తాళపత్రాలనూ పరిష్కర్తలు పాఠంకోసమే గాక ఈ గాట్లకోసం కూడ చూడవలసి ఉన్నది.