స్నోడ్రాప్: అడవినుండి తోటకు

నీరుల్లిగడ్డను నిలువుగా రెండు చెక్కలుగా కోసి చూచినచో పొరలోపల పొర కనిపించును. అడుగున, వేళ్లు పుట్టుచోట, గట్టి బిళ్లవంటి భాగమొకటి ఉండును. ఆ బిళ్లయే అసలు కాండము. పొరలన్నియు ఆహారమును దాచుకొన్న ఆకులే. ఇట్టి గడ్డను వృక్షశాస్త్రమున లశునము అందురు. ఐరోపా అడవులలో పూచు స్నోడ్రాప్ అను మొక్కకును ఇట్టి లశునమే కలదు. నేటి వర్గీకరణము ప్రకారము అది నీరుల్లి కుటుంబములోనిదే. జానెడెత్తైన ఈ మొక్క చరిత్రలో మానవుని ముచ్చట, ఆశ, విజ్ఞానము మూడును కలిసి నడచినవి.

స్నోడ్రాప్ సహజముగా ఓక్, బీచ్ వంటి ఆకురాల్చు చెట్ల నీడలలో పెరుగును. ఆ చెట్లు చిగిర్చిన పిమ్మట నేలకు ఎండ తగులదు. కావున ఈ మొక్క వాటికంటె ముందుగానే మేల్కొనును. దాని ఆకుల కొనలు గట్టిగా ఉండుటవలన మంచుతో బిగిసిన నేలనుగూడ చీల్చుకొని పైకి రాగలవు. జనవరి మొదలు మార్చి వరకు తెల్లని పూవు తలవంచి వ్రేలాడుచుండును. వెలుపల మూడు పెద్ద రేకులు, లోపల మూడు చిన్న రేకులు ఉండును. లోపలివాటిపై ఆకుపచ్చని గుర్తు కనబడును. చెట్ల నీడ దట్టమగు లోపల ఆకులు కావలసినంత ఆహారము తయారుచేసి లశునములో నిలువచేయును. పిదప అవి ఎండిపోవును, లశునము వేసవియంతయు నిద్రించును. గింజలను వెదజల్లు పని చీమలది. గింజకు అంటుకొనియున్న కొవ్వుతో కూడిన కండకొరకు అవి గింజను మోసికొనిపోవును.

ఇంగ్లండులో జాన్ గెరార్డ్ 1597లో ప్రకటించిన మూలికా గ్రంథమున ఈ మొక్క వర్ణన ఉన్నది. 1753లో లిన్నేయస్ దీనికి గాలాంథస్ నివాలిస్ అను శాస్త్రీయనామము నొసగెను. గాలాంథస్ అనగా గ్రీకుభాషలో పాలపూవు. నివాలిస్ అనగా లాటినులో మంచువంటిది. 1853–56 నాటి క్రిమియా యుద్ధమునుండి తిరిగివచ్చిన సైనికులు కొందరు అచ్చటి మరియొక జాతి లశునములను ఇంటికి తెచ్చిరి. 1874లో హెన్రీ జాన్ ఎల్వెస్ అను ఆంగ్లేయుడు టర్కీలోని స్మిర్నా, అనగా నేటి ఇజ్మీర్, సమీపపు కొండలలో పెద్ద పూలు పూచు జాతిని చూచెను. బ్రిటిషు ఇండియా వృక్షములపై ఏడు సంపుటముల గ్రంథమును వెలువరించిన జోసెఫ్ హుకరే 1875లో ఆ జాతికి ఎల్వెస్ పేరు పెట్టెను. నేడు శాస్త్రజ్ఞు లెరిగిన జాతులు సుమారు 20.

అడవిలో దూరదూరముగా పెరుగు జాతులు తోటలో ప్రక్కప్రక్కన నిలిచినప్పుడు తేనెటీగలు వాటి పుప్పొడిని కలిపినవి. సంకర మొక్కలు పుట్టినవి. అయితే గింజనుండి పుట్టినది తల్లిని పోలియుండునను నమ్మకము లేదు. లశునము ప్రక్కన పుట్టు పిల్లగడ్డ మాత్రమే అచ్చముగా తల్లివంటిది. కనుక క్రొత్త రకమేదైనను మొదట ప్రపంచమునందు ఒకే ఒక మొక్కగా ఉండును. దాని సంతతి ఒకటొకటిగా, ఏండ్ల తరబడి పెరుగవలెను. అరుదైన రకముల అరుదుదనమునకు కారణ మిదియే.

షెప్టన్ మాలెట్ పట్టణవాసియైన జేమ్స్ అలెన్ గింజలనుండి స్నోడ్రాప్ రకములను పూనికతో సృష్టించినవారిలో మొదటివాడు. ఆయన తోటలో నూరుకు పైగా రకములుండెను. 1891లో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ వారి సభలో ఆయన వీటిని గూర్చి ఉపన్యసించెను. కాని బూడిదరంగు బూజు తెగులు, లశునమును తొలుచు ఈగ పురుగు ఆ సేకరణలో అధికభాగమును నాశనము చేసినవి. మాగ్నెట్, మెర్లిన్ వంటి కొన్ని మాత్రమే నేటికిని మిగిలినవి. ఒకే తోటలో దాచిన రకము ఆ తోటతోనే పోవును. దీనికి భిన్నమైన ఉదాహరణము స్కాట్లండులో కలదు. అచ్చటి శామ్యూల్ ఆర్నట్ తనకు దొరికిన మంచి రకమును ఎల్వెస్‌కు పంపెను. ఎస్. ఆర్నట్ అను పేరుతో ఆ రకము నేడు లెక్కలేనన్ని తోటలలో పూయుచున్నది.

ముచ్చట ముదిరినకొలది వెల పెరిగెను. 2015లో గోల్డెన్ ఫ్లీస్ అను రకపు ఒక్క లశునము 1,390 పౌండ్లకు అమ్ముడుపోయెను. అయితే అడవికి అసలు ముప్పు తెచ్చినవి ఇట్టి ఖరీదైన రకములు కావు. సంతలో చౌకగా దొరకు లశునములే. 1980 తరువాతి సంవత్సరములలో టర్కీ కొండలనుండి కోట్లకొలది లశునములను త్రవ్వి ఎగుమతి చేసిరి. అందువలన 1990లో ఈ ప్రజాతి యంతటిని సైటీస్ అను అంతర్జాతీయ ఒడంబడిక రెండవ జాబితాలో చేర్చిరి. అనుమతిపత్రము లేనిదే సరిహద్దు దాటించరాదను నియమ మేర్పడెను. టర్కీ గ్రామములలో రైతులే లశునములను పొలములలో పెంచి అమ్ము ప్రయత్నములును జరిగినవి.

చట్టముతోబాటు విజ్ఞానమును తోడ్పడినది. వేసవిలో నిద్రించు లశునమును శుభ్రమైన కత్తితో నిలువుగా అనేక ముక్కలుగా కోయుదురు. ప్రతి ముక్కలో రెండేసి పొరలు, వాటి నంటియున్న అడుగుబిళ్ల తునక తప్పక ఉండవలెను. వాటికి బూజునాశక మందు పట్టించి, తడి వెర్మిక్యులైటుతో సంచిలో ఉంచి, సుమారు 20 డిగ్రీల సెల్సియస్ వేడిమిలో దాచుదురు. మూడు మాసములలో పొరల నడుమ చిన్న లశునములు మొలకెత్తును. అవి పూచుటకు మరి మూడు నాలుగేండ్లు పట్టును. ఒక్క లశునమునుండి ఇరువదికి పైగా పిల్లలను పొందగలిగినప్పుడు అడవిని త్రవ్వు అవసరము తగ్గును.

1950 తరువాత సోవియట్ రసాయనజ్ఞులు కాకసస్ ప్రాంతపు స్నోడ్రాప్ జాతి నుండి గాలంటమీన్ అను పదార్థమును వేరుచేసిరి. 2001లో అమెరికా ప్రభుత్వము దానిని అల్జీమర్ వ్యాధికి మందుగా అనుమతించెను. కేవలము అందముకొరకు పెంచిన పూవులో జ్ఞాపకశక్తి సన్నగిల్లిన వృద్ధులకు ఉపకరించు మందు ఉన్నదని గెరార్డ్ గాని, అలెన్ గాని ఊహించియుండరు. అడవిలో నశించిపోవు మొక్కతో ఇంకను తెలియని ఉపయోగములెన్నియో నశించును. మొక్కను ప్రేమించువాడు దానిని పెకలించి తెచ్చుటకంటె పెంచి పంచుటయే మేలని స్నోడ్రాప్ చరిత్ర చెప్పుచున్నది.