సర్వేపల్లి నుంచి తిరుత్తణికి

1888లో తిరుత్తణి ఉత్తర ఆర్కాటు జిల్లా ఊరు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడితే అందులోకి వచ్చింది. 1953లో ఆంధ్ర రాష్ట్రంలో చేరింది. రెండు రాష్ట్రాల ఎల్లల తగవు మధ్యవర్తి పటాస్కర్ సూచనలతో తేలాక 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది. 1997 నుంచి తిరువళ్ళూరు జిల్లాలో ఉంది. కొండ మీద మురుగన్ ఎక్కడివాడక్కడే ఉన్నాడు, ఊరి చిరునామాలే మారుతూ వచ్చాయి.

ఇలాంటి చోట పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకోవడానికి జిల్లా పేరు పనికిరాదు. తెలుగు కుటుంబాలకు ఇంటిపేరే దిక్కు.

1888 సెప్టెంబరు 5న ఇక్కడ పుట్టిన రాధాకృష్ణన్ సంగతే చూడండి. ఆయన పూర్వీకులు నెల్లూరు జిల్లా సర్వేపల్లి నుంచి వచ్చినవారు. తమిళనాట పేరుకు ముందు తండ్రి పేరులోని పొడి అక్షరం పెట్టుకుంటారు. తండ్రి వీరాస్వామి కనుక ఆ లెక్కన ఆయన 'వి. రాధాకృష్ణన్' కావాలి. కానీ 'ఎస్.' అనే నిలిచింది. మద్రాసు, మైసూరు, కలకత్తా, వాల్తేరు, ఆక్స్‌ఫర్డ్... ఎక్కడ పనిచేసినా పూర్వీకులు వదిలి వచ్చిన పల్లె ఆయన పేరులో ఉంది. పుట్టిన ఊరు రాష్ట్రం మారిన రోజున ఆయన భారత ఉపరాష్ట్రపతి. కొడుకు గోపాల్ చరిత్రకారుడయ్యారు, ఆయనా అదే ఇంటిపేరుతో పుస్తకాలు రాశారు.

పేరు మోసిన కుటుంబాలకే పరిమితమైన ఆచారం కాదిది. తిరుత్తణిలో లోకల్ రైలెక్కి ఆవడికో అంబత్తూరుకో పనికి పోయేవాళ్ళ మధ్య తెలుగు మాట వినబడితే చాలు, "మీదే ఊరు?" అన్న ప్రశ్న వస్తుంది, దాని వెనకే "ఇంటిపేరు?" అని. జవాబు తెలిసిన పల్లె పేరైతే ఇక బంధుత్వాల వేట మొదలు. పక్క మగ్గం మనిషి, పక్క బల్ల గుమాస్తా అలా అన్నో బావో అయిపోతారు.

అయితే అదే ప్రశ్న కులం కూపీ లాగడానికీ పనికొస్తుంది. ఈ జిల్లాలో ఆ సంగతి మరువరాదు. తిరువళ్ళూరు అప్పట్లో చెంగల్పట్టు జిల్లాలోది. 1929లో ఆ చెంగల్పట్టులోనే ఆత్మగౌరవ ఉద్యమ మహాసభ జరిగి, పేర్ల చివరి కులనామాలు వదిలేయాలని తీర్మానించింది. తమిళ సహోద్యోగి పేరులో పొడి అక్షరం తప్ప మరేమీ కనబడకపోవడం వెనక ఆ పోరాటముంది. అందుకే ఎదుటివారిని ఆరా తీయడం కన్నా, తన తాత ఫలానా ఊరు ఎందుకు విడిచాడో తానే ముందు చెప్పుకోవడం మర్యాద. ఊరి పేరు కులం చెప్పదు. ఒకే పల్లె పేరు ఎన్నో కులాల ఇళ్ళకు ఇంటిపేరుగా ఉంది.

వలస కథకు ఇక్కడ కొదవ లేదు. 1856లో రాయపురం నుంచి ఆర్కాటు దిక్కుగా నడిచిన దక్షిణాది తొలి రైలు తిరువళ్ళూరు మీదుగానే వెళ్ళింది. పనికోసం ఆ దారి పట్టిన తాతలు తెలుగు ఇళ్ళలోనూ ఉన్నారు, తమిళ ఇళ్ళలోనూ ఉన్నారు.