ఆవు మెడగంట చెప్పిన కబురు

సంక్రాంతి సంచికకి ఏదైనా రాసివ్వమని మన సంపాదకవర్గం వారు అడిగారు. ముగ్గుల గురించీ, గొబ్బెమ్మల గురించీ నాకంటే బాగా రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. కనుమ పశువుల పండుగ కనుక, నేను ఒక ఆవు మెడగంట కథ చెబుతాను. ఇది మన పల్లెలోని గంట కాదు. మనం కాపురాలు పెట్టుకున్న ఈ డల్లాస్, ఫోర్ట్ వర్త్ ఊళ్ళదే. ఒకప్పుడు ఇక్కడి రేడియోలో ఆ గంట మోగిందంటే, "మేము ఈ చోటునుంచి లేచి ఆ చోటికి వెళ్తున్నాం, మీరూ రండి" అని శ్రోతలకు కబురన్నమాట.

మనందరికీ ఛానెల్ 8 టీవీ తెలుసు. దాని పేరు డబ్ల్యు.ఎఫ్.ఎ.ఎ. అదే పేరుతో అంతకుముందే ఒక రేడియో స్టేషన్ ఉండేది. 1922 జూన్‌లో డల్లాస్ మార్నింగ్ న్యూస్ పత్రికవారు దాన్ని మొదలుపెట్టారు. దానికి ముందు నెలలోనే, అంటే ఆ ఏడాది మే నెలలో, ఫోర్ట్ వర్త్‌లో స్టార్ టెలిగ్రామ్ పత్రికవారి డబ్ల్యు.బి.ఎ.పి. స్టేషన్ మొదలైంది. ఆ పత్రిక అధిపతి ఆమన్ కార్టర్‌కి డల్లాస్ అంటే గిట్టదు. పనిమీద డల్లాస్ వెళ్ళవలసివస్తే, అక్కడ ఒక్క డాలరు కూడా ఖర్చుపెట్టనని ఇంటినుంచి అన్నం మూట కట్టుకువెళ్ళేవాడని ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. రెండు ఊళ్ళకీ మధ్య దూరం ముప్ఫై మైళ్ళు, పంతం మాత్రం మూడొందల మైళ్ళు!

అటువంటి రెండు ఊళ్ళవారు ఒకే ఫ్రీక్వెన్సీని పంచుకోవలసి వచ్చింది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఇక్కడ ఇమిడ్చారు. దానికి కారణం ఉంది. 1922 మొదట్లో అమెరికా ప్రభుత్వం వినోద కార్యక్రమాలకు దేశం మొత్తానికీ ఇచ్చింది 360 మీటర్ల తరంగం ఒక్కటే. వాతావరణం, బజారు ధరలు చెప్పడానికి 485 మీటర్లు వేరే ఉండేది. దగ్గర దగ్గర ఊళ్ళలో రెండు స్టేషన్లుంటే, కాలువ నీటికి రైతులు వంతులు వేసుకున్నట్టు, గంటలకు వంతులు వేసుకోవలసిందే. తరువాత తరంగాల సంఖ్య పెరిగింది, 1927లో ఫెడరల్ రేడియో కమిషన్ వచ్చింది. అయినా ఈ రెండు స్టేషన్ల వంతు తప్పలేదు. 1920ల చివరికి రెండింటికీ కలిపి 800 కిలోసైకిళ్ళ ఫ్రీక్వెన్సీ దక్కింది. (అప్పటి కిలోసైకిల్నే ఇప్పుడు కిలోహెర్ట్జ్ అంటున్నాం.) అది మామూలు చోటు కాదు. రాత్రిపూట మీడియంవేవ్ తరంగాలు ఆకాశంలోని అయాన్ల పొరను తాకి, వందల మైళ్ళ అవతల దిగుతాయి. ఆ వేళలో వేరే స్టేషను అడ్డురాకుండా కాపాడిన 'క్లియర్ ఛానెల్' అది. అందుకే ఎవరూ వదులుకోలేదు. ఒకరు పాడుతుంటే ఒకరు నోరు మూసుకుని కూర్చున్నారు, అంతే.

ఇంతలో ఇంకొక పెద్ద మార్పు వచ్చిపడింది. అమెరికా, కెనడాలు మంచి ఫ్రీక్వెన్సీలన్నీ పంచేసుకోగా, మెక్సికో, క్యూబాలకు చెప్పుకోదగ్గవి మిగల్లేదు. దానితో మెక్సికో సరిహద్దులో, మన టెక్సస్‌కి ఎదురుగా, మహా శక్తివంతమైన స్టేషన్లు వెలిశాయి. మేక గ్రంథుల వైద్యంతో పేరుమోసిన బ్రింక్లీ నడిపిన ఎక్స్.ఇ.ఆర్.ఎ. స్టేషన్ వాటిలో ఒకటి. ఈ తగువు తీర్చడానికి 1937 డిసెంబరులో హవానా నగరంలో ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం 1941 మార్చి 29 తెల్లవారుజామున మూడు గంటలకు, అమెరికాలోని దాదాపు 800 రేడియో స్టేషన్లు ఒక్కసారిగా చోటు మారాయి. ఆ రోజుకి 'మూవింగ్ డే' అని పేరుపెట్టారు. న్యూయార్క్‌లో 860 మీద ఉన్న సి.బి.ఎస్. స్టేషను 880కి, అట్లాంటాలో 740 మీద ఉన్నది 750కి, మన రెండు స్టేషన్లూ 800 నుంచి 820కి వెళ్ళాయి. 570 వంటి కింది సంఖ్యలవారు మాత్రం కదలకుండా కూర్చున్నారు.

మరి శ్రోతలకెలా తెలిసింది? పత్రికలు కొత్త సంఖ్యల పట్టికలు అచ్చువేశాయి. స్టేషన్లవారు ముందునుంచే రేడియోలో పదేపదే చెప్పారు. అప్పుడప్పుడే మీట నొక్కితే స్టేషను పలికే రేడియోలు ఇళ్ళల్లోకి వచ్చాయి. పాత చోటుకి అమర్చిన ఆ మీటలన్నిటినీ మళ్ళీ సరిచేయాలి కనుక రేడియో రిపేరువాళ్ళకి చేతినిండా పని దొరికింది.

మన ఊరి అసలు విచిత్రం 1947లో మొదలైంది. 570 మీద కె.జి.కె.ఓ. అనే స్టేషన్ ఉండేది. ఆమన్ కార్టర్ దాన్ని విచిటాఫాల్స్ నుంచి ఫోర్ట్ వర్త్‌కి తెచ్చాడు. 1947లో ఆ పేరు తీసేసి, ఆ ఫ్రీక్వెన్సీని కూడా రెండు పత్రికలవారూ పంచుకున్నారు. ఇప్పుడు ఇద్దరికీ రెండు ఇళ్ళు. ఒకరు 820లో ఉన్నంతసేపు రెండవవారు 570లో ఉంటారు. వంతు గడవగానే వారిటు, వీరటు. ఉమ్మడి కుటుంబంలో తోడికోడళ్ళు వంటిల్లూ పెరడూ వంతులవారీగా చూసుకున్నట్టు, ఇరవై మూడేళ్ళపాటు ఇలా మారుతూనే ఉన్నారు.

ఇందులో ఇంకొక చిక్కు ఉంది. 820కి ఎన్.బి.సి. నెట్‌వర్క్ కార్యక్రమాలు, 570కి ఎ.బి.సి. నెట్‌వర్క్ కార్యక్రమాలు. స్టేషన్లు చోటు మారినా నెట్‌వర్కులు మారవు. అంటే ఎన్.బి.సి. నాటకం కావలసినవాళ్ళు రేడియో ముల్లు కదపనక్కరలేదు. తమకు అలవాటైన స్థానిక గొంతు, తమ ఊరి స్టేషను కావాలనుకునేవాళ్ళు మాత్రం ముల్లు తిప్పి వెంట వెళ్ళాలి. మనం సంఖ్యను వింటున్నామా, మనుషుల్ని వింటున్నామా అన్న ప్రశ్న ఆ రోజుల్లో ఈ ఊళ్ళ శ్రోతలకు రోజూ ఎదురయ్యేది.

ఆ సమయంలో మోగేదే మన గంట. పశువుల వ్యాపారానికి పేరుపడ్డ ఫోర్ట్ వర్త్‌కి తగ్గట్టు డబ్ల్యు.బి.ఎ.పి.వారు తొలినాళ్ళనుంచీ ఆవు మెడగంటను తమ గుర్తుగా వాడేవారు. చోటు మారే క్షణంలో దాన్ని మోగించేవారు. దానికి భాష అక్కరలేదు, చదువక్కరలేదు. వంటింట్లో రొట్టె కాలుస్తున్న ఇల్లాలికీ, పశువుల కొట్టంలో ఉన్న రైతుకీ, చూపు ఆనని ముసలాయనకీ ఒక్కలాగే తెలిసిపోతుంది. మన ఊళ్ళో టముకు వేసేవాడు ముందు డప్పు కొట్టి తరువాత విషయం చెప్పేది ఇందుకే కదా!

1970 మే 1న ఈ వంతుల కాపురం ముగిసింది. 820 పూర్తిగా తమకే కావాలని ఫోర్ట్ వర్త్‌వారు డల్లాస్‌వారికి 35 లక్షల డాలర్లు ఇచ్చారు. డల్లాస్‌వారు 570తో సరిపెట్టుకున్నారు. ఆ స్టేషను పేరు 1983లో మారిపోయింది. 1990 నుంచి 570 మీద వినిపించే పేరు కె.ఎల్.ఐ.ఎఫ్. డబ్ల్యు.బి.ఎ.పి. మాత్రం 820 మీదనే స్థిరపడింది. ఇంత పంతం పట్టిన ఊళ్ళు రెండూ కలిసి కట్టుకున్న విమానాశ్రయం 1974 జనవరిలో మొదలైంది. మనలో చాలామంది రెండు పెట్టెలతో దిగింది అక్కడే!

ఇటువంటి మార్పు మనదేశానికీ వచ్చింది. 1975లో జెనీవాలో ఐరోపా, ఆఫ్రికా, ఆసియా దేశాలన్నీ కూర్చుని మీడియంవేవ్‌ను 9 కిలోహెర్ట్జ్‌ల ఎడంతో మళ్ళీ పంచుకున్నాయి. అది 1978 నవంబరు 23న అమలైంది. ఆ రోజున బ్రిటన్‌లో బి.బి.సి. రేడియోలు నాలుగూ చోట్లు మారాయి. ఒకటో రేడియో ఖాళీచేసిన 247 మీటర్లలోకి మూడోది, రెండోది ఖాళీచేసిన 1500 మీటర్లలోకి నాలుగోది వెళ్ళాయి. శ్రోతలు తమ రేడియో ముఖాన అంటించుకోవడానికి బి.బి.సి.వారు చిన్న చీటీలు పంచారు. మన హైదరాబాద్ కేంద్రం 738, విజయవాడ కేంద్రం 837. రెండింటినీ 9తో భాగించి చూడండి, శేషం ఉండదు. అమెరికా సంఖ్యలు మాత్రం పదేసి చొప్పున పెరుగుతాయి. కొన్ని రేడియోల వెనుక 9, 10 అని ఒక చిన్న మీట ఉంటుంది. దాని సంగతి ఇదే.

1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రాన్ని వింటూ పెరిగినవాళ్ళకి, ప్రసారం మొదట్లో మీటర్లూ కిలోహెర్ట్జ్‌లూ చెప్పే గొంతు ఇంకా చెవుల్లో ఉంటుంది. రోజూ అదే మాట ఎందుకో చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు. ఇప్పుడు అర్థమైంది. కొత్తగా వినేవాడు ఒక్కడైనా ఉంటాడని, వాడికి దారి చెప్పాలని.

ఆ మర్యాద లేకపోతే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాను. కొన్నేళ్ళ క్రితం ఆదివారం పొద్దున ఒక గంటసేపు తెలుగు కార్యక్రమం వచ్చేది, అద్దెకు తీసుకున్న గంట. మా అమ్మ స్నానం చేసి, కాఫీ గ్లాసుతో రేడియో దగ్గర కూర్చునేది. రేడియో ముల్లు కదలకుండా నేను ఆ సంఖ్య దగ్గర ఎర్రసిరాతో గీత గీసిపెట్టాను. ఒక ఆదివారం ఆ గీత మీద ఎవరో వేరే భాషలో మాట్లాడుతున్నారు. మరుసటి వారమూ అంతే. మూడో వారం అమ్మ, "మనవాళ్ళు డబ్బుల్లేక ఆపేశారేమోరా, పాపం!" అంది. నిజానికి ఆపలేదు. వేరే స్టేషనుకి మారారు. కంప్యూటర్లో చూసేవాళ్ళకి తెలిసింది, అమ్మకి తెలియలేదు. నాకు తెలిసి ముల్లు జరిపేసరికి నెల దాటింది. ఆ నెలంతా మా అమ్మ వాళ్ళమీద జాలిపడుతూనే ఉంది, కోపగించుకోలేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఒక మనవి చేసి ముగిస్తాను. మన సంఘం కూడా హాలు మారుస్తుంది, తేదీ మారుస్తుంది, భోజనాల వేళ మారుస్తుంది. మార్పు తప్పనిసరి. ఫోన్లలో సందేశం పంపాం కదా అని ఊరుకోకుండా, ప్రతి వీథికీ ఒకరు చొప్పున, సందేశాలు చూడని పెద్దవారికి ఫోను చేసి నోటిమాటగా చెబుదాం. ఈసారి మా వీథి బాధ్యత నాది. కనుమనాటికి మన పిల్లలు ఆవు బొమ్మకి గంట కడతారు కదా, అది మోగినప్పుడల్లా ఈ మాట గుర్తుచేసుకుందాం.

అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు.